చిన్నమ్మ పెట్టెలో తుప్పు వాసన

పోయిన నెల చిన్నమ్మ పెద్దకర్మ అయిపోయినాక ఇల్లు సర్దడానికి నేనూ మా తమ్ముడి భార్యా ఊరికి పోయాం. వాకాడు దాటి సముద్రం వైపు పోయే రోడ్డులో ఉంటుంది మా ఊరు. జిల్లాలు మార్చినప్పుడు తిరుపతిలో కలిపారు కానీ మా నోటికి ఇంకా నెల్లూరు జిల్లా అనే వస్తుంది. వరండాలో కుట్టుమిషను, దండెం మీద ఆమె తువ్వాలు, మంచం కింద ఇనప ట్రంకుపెట్టె అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. పెట్టె మూత ఎత్తగానే తుప్పు వాసన గుప్పుమంది. సముద్రపు గాలికి మా వైపు ఏ ఇనుమైనా నాలుగేళ్ళకి పొరలు పొరలుగా లేచిపోతుంది, ఆ వాసన నాకేం కొత్త కాదు. కానీ ఆ రోజు అది పెట్టెది కాదు. చీరల మధ్యలో, పాత లంగా గుడ్డలో చుట్టిన హార్లిక్స్ సీసా ఒకటి ఉంది, అందులో సగం దాకా ఎర్రటి ఇసుక. సీసాకి అంటించిన కాయితం మీద ఐదో క్లాసు పిల్లల చేతిరాత, వంకర అక్షరాలు, సిరా వెలిసిపోయింది, "అంగారకుడి మట్టి - ముట్టుకోరాదు".

అంతే, ఇంక నేను ఆ పూట ఏ పనీ చెయ్యలేకపోయాను. సీసా ఒళ్ళో పెట్టుకుని గడప మీద కూర్చుండిపోయాను.

నా చిన్నప్పుడు ఎండాకాలం రాత్రిళ్ళు అందరం వాకిట్లోనే పడుకునేవాళ్ళం. నులక మంచాలు వరసగా వేసి, నీళ్ళు చల్లి, ఆ తడి మట్టి వాసనలో ఆకాశం చూస్తా పడుకోవడం. అమ్మమ్మ వంటయ్యాక పొయ్యిలో నిప్పు ఆర్పేది కాదు, బూడిద కప్పిపెట్టేది, తెల్లారి మళ్ళీ ఊది రాజెయ్యడానికి. ఆ బూడిదని పుల్లతో కదిపితే లోపల ఒక్క కణిక ఎర్రగా కనపడేది. ఒకరోజు దాన్ని చూపించి "అంగారం అంటే ఇదే మే, పైన ఆ ఎర్ర చుక్క ఉండాదే అది అంగారకుడు, వాడూ ఇట్టాంటి నిప్పే" అని చెప్పింది. నాకు గ్రహం గురించి మొదటి పాఠం అదే, పుస్తకంలో చదివింది కాదు.

కానీ మా ఇంట్లో ఆ చుక్కని చూసి మురిసిపోయేవాళ్ళు ఎవరూ లేరు, ఎందుకంటే చిన్నమ్మ జాతకంలో కుజదోషం ఉందన్నారు. కుజుడన్నా మంగళుడన్నా ఆ అంగారకుడే. వచ్చిన సంబంధం వచ్చినట్టే పోయేది. పెళ్ళివాళ్ళు వస్తారు, ఉప్మా కాఫీలు అవుతాయి, జాతకం అడుగుతారు, నాలుగు రోజులకి మధ్యవర్తి వచ్చి వరండాలో నిలబడి తల అడ్డంగా ఊపుతాడు. నాకు పదేళ్ళు, ఆమెకి ఇరవై. ఒక సంబంధం అయితే తాంబూలాల దాకా పోయి ఆగిపోయింది. ఆ రాత్రి చిన్నమ్మ మంచం మీద అటు తిరిగి పడుకుంది, నేను పైకి చూసి ఏ చుక్క ఎర్రగా ఉందో వెతికి దాన్ని తిట్టుకున్నాను. అది నిజంగా కుజుడేనో కాదో కూడా నాకు తెలీదు.

అదే రోజుల్లో దక్షిణం వైపు శ్రీహరికోటలో రాకెట్లు మొదలయ్యాయి. అది ఒకప్పుడు అడవి దీవి, అక్కడి కట్టెలు బకింగ్‌హాం కాలవలో పడవల మీద మద్రాసుకి పోయేవంట, యానాదోళ్ళు ఉండేవాళ్ళు. 1971లో మొదట చిన్న రాకెట్లు, రోహిణి అని, వాతావరణం చూడ్డానికి వదిలేవాళ్ళు. మా ఊళ్ళో ముసలివాళ్ళు "ఆకాశానికి చిల్లు పెడతా ఉండారు, ఇంక వానలు యాడొస్తాయి" అని బాధపడేవాళ్ళు. 1979లో పెద్దది వదిలితే సముద్రంలో పడింది. మరుసటేడు జూలైలో మళ్ళీ వదిలారు, ఎస్‌ఎల్‌వీ-3 అది, ఈసారి రోహిణి అనే పేరుతోనే ఉన్న ఉపగ్రహం కక్ష్యలోకి పోయింది. రేడియోలో వార్త వింటా చిన్నమ్మ మిషను తొక్కడం ఆపేసింది. ఆమె మిషను ఆగితే ఇల్లంతా చప్పుడు పోయినట్టు ఉండేది, అందుకే నాకు అంత బాగా గుర్తు. "పడింది కదా పోయిన తూరి, మళ్ళీ చేసినారు చూడు" అంది. ఇంకేం అనలేదు, మళ్ళీ తొక్కడం మొదలుపెట్టింది. ఆమెకి అప్పటికి సంబంధాలు చూడ్డం మానేశారు.

నేను ట్రైనింగ్ అయ్యి టీచరయ్యాను, ఆ చుట్టుపక్కల ఊళ్ళే తిరిగి తిరిగి చివరికి మా ఊరి పక్క బళ్ళోకే వచ్చాను. చిన్నమ్మ ఎక్కడికీ పోలేదు, ఊరందరి జాకెట్లు కుట్టింది, మా పిల్లల్ని పెంచింది.

2003 ఆగస్టులో కుజుడు భూమికి బాగా దగ్గరికొచ్చాడు, ఐదున్నర కోట్ల కిలోమీటర్ల చిల్లర. వేల ఏళ్ళలో అంత దగ్గరికి రాలేదని పేపర్లో రాశారు. ఆ రాత్రి మేడ మీదికి రమ్మంటే చిన్నమ్మ రానంది, మోకాళ్ళ నొప్పులంది, నిద్రొస్తా ఉందంది. నాకు తెలుసు అవేం కాదని. చెయ్యి పట్టుకుని మెట్టు మెట్టుకీ ఆపుకుంటా తీసుకుపోయాను. దాదాపు అర్ధరాత్రి, మబ్బు పక్కకి జరిగింది, నడినెత్తికి కొంచెం దక్షిణంగా వెలుగుతా ఉన్నాడు, నారింజ రంగులో, ఒక్క మిణుకు కూడా లేకుండా నిలకడగా, అచ్చం బూడిదలో అమ్మమ్మ నిప్పుకణిక లాగే. చిన్నమ్మ పిట్టగోడ పట్టుకుని చాలాసేపు చూసింది. ఆమెకి యాభై దాటాయి అప్పటికి.

"ఇదేనా?" అంది.

"ఇదే చిన్నమ్మా. నిప్పు కాదు, చలి దేశం అది. మట్టి తుప్పు పట్టి ఎర్రగా కనపడుతుంది, అంతే. మన భూమిలో సగం ఉంటుంది అడ్డంగా కొలిస్తే."

"తుప్పా" అంది. ఆ మాట రెండుసార్లు అనుకుంది లోపల్లోపల. "ఇంత దూరంలో ఉండి, తుప్పు పట్టిపోయి, అది నన్నేం చేసుంటుంది పాపా" అంది. నేను జవాబు చెప్పలేదు. ఆ మాట ఆమెకి ఇరవయ్యో ఏట ఎవరన్నా చెప్పి ఉంటే అనుకుంటా కిందికి దిగాను. ఆ తర్వాత నేను బళ్ళో ఏ క్లాసుకి చెప్పినా, ఏ పాఠం చెప్పినా, పిల్లలకి ఆకాశం గురించి మాత్రం భయం పెట్టకుండా చెప్పాలని గట్టిగా అనుకున్నాను. ఆడపిల్లలకి మరీ.

పదేళ్ళకి, 2013లో, మంగళయాన్ వచ్చింది, మనవాళ్ళు కుజుడి దగ్గరికి పంపిన నౌక. మా బళ్ళో ఐదో క్లాసులో పంతొమ్మిది మంది. ఎక్కువమంది చేపలు పట్టే పట్టపోళ్ళ పిల్లలు, కొందరు రొయ్యల గుంటల దగ్గర కాపలా ఉండేవాళ్ళ పిల్లలు. టెలిస్కోపు లేదు, ప్రొజెక్టర్ లేదు. అంత దూరాన్ని ఎట్టా చూపించాలి? చిన్నమ్మే డబ్బాలు దించి ఒక తెల్ల శనగ గింజ, ఒక పెసర గింజ, ఒక సజ్జ గింజ ఏరి ఇచ్చింది. శనగ భూమి, సెంటీమీటర్ ఉంటుంది అటూ ఇటూగా. పెసర కుజుడు. సజ్జ చందమామ. ఆ లెక్కన చందమామ భూమికి ఒక పొడుగు స్కేలు దూరం, ముప్పై సెంటీమీటర్లు. పిల్లలు స్కేలు పెట్టి గింజలు అటూ ఇటూ పెట్టుకున్నారు, "ఇంతేనా" అన్నారు. మరి కుజుడు? నోట్‌బుక్కు మీదో బెంచీ మీదో పెట్టబోయారు. పెసర గింజ ఒకమ్మాయి చేతికిచ్చి నడవమన్నాను. జెండా కర్ర దగ్గర శనగ గింజ పెట్టాం, ఆ పిల్ల నడిచి నడిచి గేటు దాకా పోయింది, 44 మీటర్లు, అది బాగా దగ్గరికి వచ్చినప్పుడు. "ఇంకా పో" అన్నాను, సూర్యుడికి అవతలి పక్కకి పోయినప్పుడు 315 మీటర్లు. టీ కొట్టు దాటి, పోలేరమ్మ గుడి మలుపు దాకా పోయింది, పిల్లలందరూ గేటు దగ్గర నిలబడి "కనపడతా ఉందా గింజా" అని అరిచారు. గింజ కాదు, పిల్లే సరిగ్గా కనపడలేదు.

అప్పుడు ఒకడు అడిగాడు, ఇప్పటికీ వాడి గొంతు వినపడుతుంది నాకు, "టీచరా, అది ఒకచోట ఉండదు కదా, తిరగతా ఉంటది కదా, మరి మనోళ్ళు దేనికి గురిపెట్టి వదలతారు?" అని. వాడు నాన్నతో పాటు పడవ మీద పోయే పిల్లాడు. నేను చెప్పబోయే లోపలే వాడే చెప్పాడు, "ఆ, చాప ముందర వల వేసినట్టు" అని. నిజంగా అంతే. కుజుడు ఇప్పుడు ఉన్న చోటికి కాదు, పది నెలల తర్వాత ఎక్కడ ఉంటాడో అక్కడికి పోవాలి. ఆ కుదురు దాదాపు 26 నెలలకి ఒకసారే వస్తుంది, అందుకే ఆ నవంబరులోనే పంపాలి, దాటిపోతే మళ్ళీ రెండేళ్ళ పైన ఆగాలి. నేను టెక్స్ట్‌బుక్కు ముందేసుకుని గంట చెప్పినా ఆ ఒక్క మాట అంత బాగా చెప్పలేను.

తుప్పు సీసా కూడా అప్పుడే చేశాం. వెల్డింగ్ షాపులో ఇనప రజను అడిగి తెచ్చారు, సముద్రం ఒడ్డు ఇసుక, ఉప్పు నీళ్ళు, కలిపి మూత తీసి కిటికీలో పెట్టాం. మొదటి రోజు ఏం లేదు. రెండో రోజు అంచుల్లో పసుప్పచ్చగా తిరిగింది. సెలవలయ్యి వచ్చేసరికి ఇసుకంతా ఎరుపు, వేలు పెడితే వేలికి అంటుకుంటా ఉంది, అందరూ నుదుటి మీద బొట్టు పెట్టుకున్నారు దాంతో. పెద్ద వివరం ఏం చెప్పలేదు నేను, ఇనుము, గాలి, తేమ కలిస్తే ఇట్టా అవుతుంది, అక్కడ కూడా ఎప్పుడో ఇట్టాంటిదే అయ్యింది, అక్కడ ఒకప్పుడు నీళ్ళు పారిన గుర్తులు ఉన్నాయి అని మాత్రం చెప్పాను. అక్కడ సూర్యుడు దిగే ముందు ఆ చుట్టూ ఆకాశం నీలంగా ఉంటుందంటే మాత్రం ఎవరూ నమ్మలేదు. పగలు ఎర్రమట్టి రంగు, సాయంత్రం నీలం, మనకి తిరగేసి.

ముందు అక్టోబరు 28 అన్నారు. తర్వాత వాయిదా. రాకెట్టు ఎక్కడుందో చెప్పాలంటే పసిఫిక్ సముద్రంలో నలంద, యమున అని రెండు ఓడలు కాపు కాయాలంట, వాతావరణం బాగాలేక ఒక ఓడ టయానికి అక్కడికి చేరలేదు. పిల్లలకి ఇది భలే నచ్చింది, రాకెట్టు కూడా ఓడ కోసం ఆగుతుందా అని. చివరికి నవంబర్ 5, దీపావళి అయిన రెండో రోజు, వాకిళ్ళలో ఇంకా టపాకాయల కాయితాలు ఊడవలేదు. మంగళవారం. మా అమ్మమ్మ ఉంటే మంగళవారం ఏ పనీ మొదలుపెట్టనిచ్చేది కాదు, గోళ్ళు కూడా తియ్యనిచ్చేది కాదు. మంగళవారం నాడే మంగళుడి దగ్గరికి. ఆ మాట చిన్నమ్మే అంది, పొద్దున్నే పెద్ద గిన్నె నిండా బొరుగులు కలిపి టమాటా ఉల్లిపాయ వేసి బడికి తెచ్చింది. పిల్లల కోసం పాత తెల్ల దుప్పటి చింపి పంతొమ్మిది టోపీలు కుట్టింది, ఒక్కోదాని మీద ఎర్ర దారంతో చుక్క.

మధ్యాహ్నం రెండున్నరకే అందరం మేడ మీద ఉన్నాం. రెండు ముప్పై ఎనిమిది. ముందు సరుగుడు తోపు మీద వెలుగు లేచింది, ఒక్క క్షణం, చప్పుడేం లేదు. తెల్లటి గీత పైకి లేస్తా మబ్బులోకి పోయింది, మళ్ళీ అవతల కనపడింది, తూర్పుకి వంగింది. ఆ చప్పుడు రాకపోవడమే నాకు ఎప్పుడూ ఒళ్ళు జలదరించే చోటు. నేను "లెక్క పెట్టండి" అన్నాను. పంతొమ్మిది మంది గొంతులు, ఒకటి, రెండు, మూడు. యాభై దాటింది, ఎనభై, చిన్నపిల్లలు మధ్యలో తప్పి మళ్ళీ కలుస్తా ఉన్నారు. నూట అయిదో నూట ఆరో, అప్పుడొచ్చింది, దూరంగా బండరాయి దొర్లిస్తున్నట్టు, కిటికీ రెక్కలు గడగడలాడాయి. సెకనుకి 340 మీటర్ల లెక్కన గుణిస్తే 36 కిలోమీటర్లు. బోర్డు మీద వెయ్యకుండానే వాళ్ళ ఊరికీ శ్రీహరికోటకీ దూరం వాళ్ళే కనుక్కున్నారు. కిందికి దిగేసరికి ఒక పిల్ల రెండు చెవులూ మూసుకుని ఏడుస్తా ఉంది, భయమా అంటే కాదు టీచరా, అది ఒక్కటే పోతా ఉండాది కదా అంది.

ఆ పిల్ల కోసమనే గోడ మీద క్యాలెండర్ పెట్టాం. డిసెంబర్ 1న భూమి చుట్టూ తిరగడం మాని బయటికి అడుగేసింది మంగళయాన్, ఆ రోజు నుంచి రోజుకొక కొట్టివేత. దాదాపు 300 రోజులు. పొద్దున బడికి ఎవరు ముందొస్తే వాళ్ళ వంతు, అందుకని ఏడున్నరకే గేటు దగ్గర చేరేవాళ్ళు, అంతకు ముందు బెల్లయినాక కూడా రానివాళ్ళు. మధ్యలో ఎన్ని ఆటలు. కుజుడి మీద ఏడాదికి 687 రోజులు కాబట్టి అక్కడ మన వయసెంత అని లెక్కలు వేసుకున్నారు. పదేళ్ళ వాళ్ళకి ఐదేళ్ళు వచ్చాయి. చిన్నమ్మకి వేశారు, అరవై రెండు పోయి ముప్పై మూడు. చిన్నమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది, "అయితే ఇప్పుడు చూడండ్రా నాకు సంబంధం" అంది. అంతకు ముందు ఆమె ఆ మాట నోటితో అనగా నేను వినలేదు.

ఇంకో ఆట, మాట చేరడానికి పట్టే టైము. అక్కడికి చేరే రోజుకి ఇక్కడి నుంచి ఒక మాట పోవడానికి పన్నెండున్నర నిమిషాలు. ఒకడు జెండా కర్ర దగ్గర "అన్నం తిన్నావా" అని చీటీ రాసి ఇస్తే, పన్నెండున్నర నిమిషాలయ్యాకే గేటు దగ్గర వాడికి చేరుతుంది, "తిన్నా" అన్న జవాబు మళ్ళీ అంతసేపటికి. రెండు మాటలకే అన్నం బెల్లు సరిపోయేది. అంత దూరంలో ఉన్నదానికి కష్టమొస్తే మనం పరిగెత్తలేం, అది తనే చూసుకోవాలి, ముందే అన్నీ నేర్పి పంపాలి అని చెప్పాను. ఏప్రిల్లో ఆ పిల్లలు ఐదో క్లాసు అయిపోయి పోతున్నప్పుడు ఆ మాటే నాకు అడ్డం పడింది గొంతులో.

క్యాలెండర్ ఇంకా ఐదు నెలలు మిగిలే ఉంది. జూన్‌లో వాళ్ళంతా హైస్కూలుకి పోయారు, కొత్తగా వచ్చిన ఐదో క్లాసు వాళ్ళు కొట్టివేతలు సాగించారు.

సెప్టెంబర్ 24, బుధవారం. దారంతా నిద్రపోయిన ఇంజను రెండు రోజుల ముందు నాలుగు సెకన్లు వెలిగించి చూశారంట, పని చేసింది. ఆ పొద్దున 24 నిమిషాలు మండాలి, వేగం తగ్గించాలి, లేకపోతే కుజుణ్ణి దాటి పోతుంది. అందులో కొంతసేపు కుజుడి వెనక ఉంటుంది, మాట కూడా వినపడదు. నేను ఆరున్నరకి బడి తాళం తియ్యడానికి పోతే గేటు దగ్గర హైస్కూలు యూనిఫారాల్లో పదిహేడు మంది. పంతొమ్మిదిలో ఇద్దరు వేరే ఊళ్ళకి పోయారు. వాళ్ళ బస్సు ఎనిమిదింపావుకి, అంత లోపల చూసిపోతాం టీచరా అన్నారు. నలుగురి నెత్తిన చిన్నమ్మ కుట్టిన టోపీలు, పొట్టివైపోయాయి. ఎవరో ఇంట్లోంచి చిన్న టీవీ మోసుకొచ్చారు. ఏడుంపావు నుంచి ఎవరూ మాట్లాడలేదు. కుజుడి వెనక్కి పోయినప్పుడు టీవీలో పెద్ద పెద్ద సైంటిస్టులే గోళ్ళు కొరుక్కుంటా ఉన్నారు, మా పిల్లలు గోడ గడియారం వైపు చూస్తా పెదాలు కదిలించి లెక్కపెడతా ఉన్నారు, ఎవరూ చెప్పకుండానే. ఎనిమిది అవుతుండగా టీవీలో అందరూ లేచి చప్పట్లు. మనవాళ్ళు మొదటి ప్రయత్నంలోనే చేరారు, ఆసియాలో అంతకు ముందు ఎవరూ చేరలేదు, అదీ 450 కోట్లతో. అప్పుడు ఏడ్చిన పిల్లే పోయి క్యాలెండర్‌లో చివరి గడి కొట్టింది. కొట్టి, బ్యాగు తగిలించుకుని, బస్సుకి పరిగెత్తింది.

సీసా చిన్నమ్మకిచ్చింది వాళ్ళే, ఆ సాయంత్రం. ఇంటికొచ్చి ఆమె చేతిలో పెట్టారు. "నీ చుక్క మట్టి అవ్వా" అన్నారు. నేను ఎవరికీ చెప్పలేదు ఆ కుజదోషం సంగతి, చిన్నమ్మే ఎప్పుడో టోపీలు కుడతా చెప్పి ఉంటుంది.

మంగళయాన్‌ని ఆరు నెలల కోసం పంపితే ఏడేళ్ళ పైన పనిచేసింది. 2022లో పలకడం ఆగిపోయింది. ఆ వార్త నాకు పేపరు కంటే ముందు ఆ వల లెక్క చెప్పిన అబ్బాయి నుంచి వచ్చింది, ఇప్పుడు ఆటో నడుపుతాడు కోట ఊళ్ళో, వాట్సాప్‌లో వాయిస్ పెట్టాడు, "టీచరా, మంది ఇంక పలకట్లేదంట". మంది, అంటే మనది అన్నాడు. పలక్కపోయినా అక్కడే తిరుగుతా ఉంటుంది నాయనా అని నేను కూడా వాయిసే పెట్టాను.

పెట్టె సంగతి పూర్తిగా చెప్పలేదు. మర్నాడు పొద్దున కూర్చుని అడుగు దాకా తీశాను. చీరల కింద, న్యూస్‌పేపరు పరిచిన దాని మీద, ప్లాస్టిక్ కవర్లో ఒక రెండు వేల నోటు ఉంది. అది వచ్చిన కొత్తలో వెనక వైపు మంగళయాన్ బొమ్మ చూసి మా పిల్లలు ఎంత గంతులేశారో, చిన్నమ్మకి తెచ్చి చూపించిందీ వాళ్ళే. 2023లో నోట్లు వెనక్కి తీసుకుంటున్నామన్నప్పుడు ఉంటే ఇవ్వు చిన్నమ్మా, నేను బ్యాంకులో మార్చుకొస్తా అన్నాను. మార్చేశాలే పాపా అంది. పింఛను డబ్బుల మనిషి, రెండు వేలు ఆమెకి తక్కువేం కాదు.

నోటు మంగళయాన్ బొమ్మ పైకి వచ్చేటట్టు మడిచి ఉంది. కవర్లోపల మూలల్లో కొంచెం ఎర్రగా అంటుకుని ఉంది, సీసాలోది.